అక్క చేతి దెబ్బ

ఆమె చెయ్యి పడని చెంప ఆ హాస్టల్లో లేదు. మొన్న ఆమె శవం చుట్టూ చేరిన పాత హాస్టల్ పిల్లలమంతా మాట్లాడుకున్నది అదే. ముక్కులు చీదుకుంటూ, కళ్ళొత్తుకుంటూ, ఎవరు ఎక్కడ ఎందుకు దెబ్బ తిన్నామో చెప్పుకున్నాం. "నన్ను అన్నం గిన్నె ముందల నిలవెట్టి కొట్టింది" అంది ఒకామె. ఆమె ఇప్పుడు ఎక్కడో తహసీల్దారు. "నన్ను మెట్ల మీద" అంది ఇంకొకామె. చెప్తూ చెప్తూ నవ్వేసింది. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చింది.

మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తల వాల్చేసిందట. జీవితమంతా అంత చప్పుడు చేసిన మనిషి, పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియకుండా వెళ్ళిపోయింది. నాకు ఫోన్ చేసి చెప్పింది రజిత. నేను చిక్కడపల్లి మార్కెట్లో ఆకుకూరలు ఏరుకుంటున్నాను. "అక్క పోయిందంట" అంది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. రజిత సంగతి ముందుముందు చెప్తాను. అది చెప్పకుండా అక్క సంగతి చెప్పడం కుదరదు.

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న రోడ్డుకు వెనక సందులో మూడంతస్తుల ఇల్లు ఆమెది. కింద ఆమె, పైన మేము. గ్రూప్స్ రాయడానికి సిద్దిపేట దగ్గర ఊరి నుంచి పెట్టె పట్టుకుని వచ్చిన మొదటి రోజు, "నమస్తే ఆంటీ" అన్నాను. చెంప మీద చిన్నగా ఒకటి తగిలింది.

"ఎవర్తె ఆంటీ? అక్క అను. పో, చేతులు కడుక్కొని రా, అన్నం తిందువు."

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. ఆ ఒంటికి ఆ చేతులు ఎవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవిగా ఉండేవి. ఎడమచేతికి నిండా గాజులుండేవి, కుడిచేతికి ఒక్కటీ ఉండేది కాదు. ఎందుకక్కా అంటే, "కొట్టేటప్పుడు మీకు గుచ్చుకుంటయి గదనే" అంది. ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు.

చిన్నగా మాట్లాడటం ఆమెకు రాదు. పాలవాడితో మాట్లాడినా సందు చివర వినపడేది. గంటెతో కొట్టేది, చీపురుతో కొట్టేది, ఏదీ దొరక్కపోతే తన నుదురు తనే కొట్టుకునేది. నీళ్ళ మోటారు ఆగిపోతే దాన్ని కాలితో తన్నేది. విచిత్రంగా అది తిరిగేది కూడా. ఫోన్ చూస్తూ అన్నం తింటే దెబ్బ. స్నానం చేసి తల ఆరబెట్టుకోకపోతే దెబ్బ. పరీక్ష బాగా రాయలేదని చెబితే ఒకటి, బాగా రాశానని గొప్పలు చెబితే ఇంకొకటి. "కొట్టే ముందు కారణం చూసుకోవాలి కదక్కా" అన్నాను ఒకసారి.

"కారణం దేవులాడుకుంట కూసుంటే దెబ్బ సల్లారుతది."

ప్రిలిమ్స్ పోయినప్పుడు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ఎవరు పిలిచినా లేవలేదు. ఆమె పైకి వచ్చి దుప్పటి లాగి, భుజం పట్టి కూర్చోబెట్టి, ఒక్కటిచ్చింది. చెవిలో గుయ్యిమంది. ఆ షాక్‌లో నోరు తెరిచేసరికి పప్పన్నం ముద్ద నోట్లో ఉంది. "ఏడుస్తనంటే ఏడువు. కానీ తిని ఏడువు. ఖాళీ కడుపుతోని ఏడిస్తే కండ్లు తిరిగి పడ్తవ్." అలా ఏడుస్తూ, మింగుతూ, గిన్నె ఖాళీ చేశాను.

ఇదంతా ప్రేమే అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అప్పుడు అందరికీ అలా అనిపించలేదు. వరంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతుంటే చెంప మీద కొట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. "మా నాయిన సుత నా మీద చెయ్యెత్తలే. నువ్వెవరు?" అని పెట్టె సర్దుకుంది. అక్క ఆటో పిలిచింది, పెట్టె తనే ఎక్కించింది. ఆటో సందు తిరిగాక, "ఆ పోరిదే కరెక్టు" అంది. మర్నాడు పొద్దున్నే ఇంకో పిల్లను కొట్టింది.

ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేది. ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. ఒకనాడు మేడ మీద వడియాలు పెడుతూ ఆ సంగతి తనే చెప్పింది.

"మా ఆయన ఇచ్చిండు గా చెవి. బయట దేవుడోలె ఉంటుండె. ఆఫీసుల అందరు దండం వెట్టేటోళ్ళు. ఇంట్లకొచ్చి చెప్పులిడ్సుడు ఎంతనో, కొట్టుడు గంతనే. మా అమ్మగారిల్లు గీడ్నే, చిక్కడపల్లిల. నడుస్తే పావుగంట. మొత్తుకుంటే ఇనొచ్చేటంత దగ్గర. ఎవ్వరొచ్చిన్రు? ఎవ్వరు రాలే."

"మరెట్ల ఆగిందక్కా?"

"ఒకనాడు పీట దొరికింది చేతికి. పెట్టిన. గంతే. అటెన్క బతికినన్ని రోజులు నా ముంగట నోరెత్తలే." పిండి గిన్నె గీకింది. "ముందుగాల్నే పెడ్తే నా చెవి నాకుంటుండె. దెబ్బ ఎప్పుడైన మనదే ముందు వడాలె. ఎన్క వడితే లాభం లేదు."

ఆ మాట నిజమని ఆమె గట్టిగా నమ్మింది. ఆమె బతుకు ఆమెకు నేర్పిన పాఠం ఆ ఒక్కటే. దాన్ని అందరి మీదా ప్రయోగించింది.

కొండ మీది ప్యాలెస్ సంగతి కూడా ఆ వడియాల దగ్గరే వచ్చింది. మా కోచింగ్‌లో చరిత్ర చెప్పే సార్, వాస్తు శైలుల పాఠం చెప్తూ, ఏ కమాను ఏ దేశానిదో పుస్తకంలో చదివితే రాదు, పాతబస్తీ అవతల కొండ మీదున్న ప్యాలెస్ చూసి రండి అన్నాడు. ఇప్పుడది పెద్ద హోటలు. సందర్శకులను గైడ్‌తో లోపలికి పంపించి చూపిస్తారు. నేనూ రజితా వెళ్దామనుకుంటున్నాం అని చెప్పాను.

"నేనొస్త" అంది అక్క. పక్కనే వడియాలు పెడుతున్న రజితా, నేనూ ముఖాలు చూసుకున్నాం.

"పెండ్లయిన కొత్తల ఆయన తీస్కపోతనన్నడు. చార్మినార్ దాక పోయినం. నేను గాజుల దుకాణం కాడ ఆగిన. పిలుస్తే పలుకలేదని ఆడ్నే బజార్ల అందరి ముంగట కొట్టిండు. ఎన్కకొచ్చినం. ఈ ఊర్ల పుట్టి పెరిగిన, గా కొండ ఎక్కలేదు నేను."

ఆమె రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. రజిత.

రజిత వాళ్ళది పాలమూరు వైపు. అమ్మానాన్నలు అంబర్‌పేటలో ఒక బస్తీలో ఉండి బిల్డింగుల పనికి వెళ్ళేవాళ్ళు. పిల్ల చదువులో చురుకు. తండ్రి అప్పోసప్పో చేసి కోచింగ్‌కు పంపాడు. మేనత్త కొడుకుతో పెళ్ళని చిన్నప్పుడే అనుకున్నారు. అతను టైల్స్ పని చేసేవాడు, వాళ్ళ బస్తీలోనే ఉండేవాడు. పెద్దయ్యాక రజిత వద్దంది. తాగుతాడు, అనుమానిస్తాడు, నేను చేసుకోను అంది. తండ్రి కూడా సరేనన్నాడు. అతను మాత్రం సరేననలేదు.

ఒక సాయంత్రం మా సందులోకి బైక్ మీద వచ్చి, హాస్టల్ ముందు ఆపి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా నొక్కుతూ, "రజితా, బయటికి రాయే" అని అరిచాడు. ఎదురుగా టీ కొట్టు నిండా చదువుకునే కుర్రాళ్ళు. మేమంతా మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. రజిత గదిలోంచి కదల్లేదు. అక్క కింద దోశల పిండి కలుపుతోంది. అలాగే పిండి చేత్తో బయటికి వచ్చింది.

"ఎవర్రా నువ్వు?"

"రజిత నా పెండ్లం. పంపియ్యి."

"తాళి గట్టినవా?"

"కడ్త."

ఆ మాట పూర్తయ్యేలోపల చెంప పేలింది. ముఖం మీద పిండి అచ్చు పడింది. అతను తేరుకుని బైక్ దిగబోయాడు. రెండో చెంప పేలింది. బైక్ తాళం లాగేసి పక్కనున్న మురుగు మోరీలోకి విసిరింది. "దేవులాడుకో. దొరికినంక మల్లీ సందుల కనవడకు."

మేం మేడ మీంచి చప్పట్లు కొట్టాం. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఈలలేశారు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, మోరీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుక్కుంటుంటే ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో తర్వాత అంబర్‌పేట బస్తీ దాకా వెళ్ళిందట. గదిలోకి వచ్చి రజితకు అంతా ఊపుగా చెప్పాను. ఆమె కిటికీలోంచి చూసిందని అప్పుడు తెలిసింది.

"కొట్టుడు వరకు మంచిగనే ఉండె. మోరీల చెయ్యి వెట్టించుడు మంచిగ లేకుండె" అంది.

ఆ రోజు తర్వాత అతను సందులోకి రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చేవి. రజిత నంబరు మార్చింది. కొత్త నంబరుకు కూడా వచ్చాయి. అందుకే ఆమెను ఒంటరిగా ఎక్కడికీ పంపేది కాదు అక్క. బర్కత్‌పురలో పరీక్ష ఉన్నా తనే వెంట వెళ్ళి గేటు బయట కూర్చునేది.

ప్యాలెస్‌కు బయల్దేరిన రోజు అక్క ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. ఆ చీరలో ఆమెను మేమెప్పుడూ చూడలేదు. స్టీలు టిఫిన్ క్యారియర్ నిండా పులిహోర పెట్టుకొచ్చింది. ప్యాలెస్ గేటు దగ్గర బయటి తిండి లోపలికి పనికిరాదని, క్యారియర్ అక్కడ పెట్టి వెళ్ళమన్నారు. గొడవ పడుతుందని భయపడ్డాను. పడలేదు. "పైలంగ చూస్కోండ్రి. వచ్చి తీస్కుంట" అని బల్ల మీద పెట్టేసింది. ఆ రోజు ఆమె ఎవరితోనూ గొడవ పడదలచుకోలేదు.

పైకి వెళ్ళాక ఊరంతా కింద పరుచుకుని కనిపించింది. నల్లకోటు వేసుకున్న గైడ్ ఒకాయన మమ్మల్ని ఇంకొందరితో కలిపి తిప్పాడు. ముందు భాగం ఇటలీ పద్ధతి అన్నాడు. ఎత్తయిన స్తంభాలు, పాలరాతి మెట్లు. ఈ కిటికీలు, చెక్కపని ఇంగ్లండు వాళ్ళ పాత కోటల తీరు అన్నాడు. వెనక ఆడవాళ్ళుండే భాగంలో కమానులు మాత్రం మొగలాయీ, రాజస్థానీ కలిసినవి అన్నాడు. నేను గబగబా గుర్తుపెట్టుకుంటున్నాను. అక్క స్తంభాలను వేలి కణుపులతో కొట్టి చూస్తోంది, కుండ కొనేటప్పుడు చూసినట్టు.

"అసలుదే" అంది మెచ్చుకోలుగా. "ఒక్కింట్ల ఇన్ని దేశాలు. కొట్టుకోకుండ ఎట్లున్నయే?"

గైడ్ విని నవ్వాడు. రజిత కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. మెట్ల దగ్గర నిలువెత్తు అద్దం ఉంది. అందులో ముగ్గురం కనిపించాం. అక్క తన చీర చూసుకుని, కొంగు సర్దుకుని, "నేను గింత పొట్టిగుంటనా?" అంది. భోజనాల గదిలో బల్ల రైలుపెట్టె అంత పొడుగుంది. ఆ చివర కూర్చున్నవాడు మెల్లగా మాట్లాడినా ఈ చివరకు వినపడేలా ఆ గది కట్టారని గైడ్ చెప్పాడు. అక్క ఆ మాట శ్రద్ధగా వింది. తన మంచి చెవి అటు తిప్పి మరీ వింది.

ఆడవాళ్ళుండే భాగంలోకి వచ్చాక గైడ్‌ను ఆపింది.

"సారూ, ఒక మాట. ఈడ ఆడోళ్ళు మొత్తుకుంటే గా ముంగట కూసున్నోళ్ళకు ఇనొస్తుండెనా?"

గైడ్ కాసేపు ఆ గోడల వైపు చూశాడు. "అటువంటివి మాకు చెప్పలేదమ్మా" అన్నాడు. మిగతా సందర్శకులు ముందుకు వెళ్ళిపోయారు. అక్క అక్కడే ఒక కమాను కింద నిలబడి, చెయ్యి గోడకు ఆనించి ఉంది. ఈసారి కొట్టి చూడలేదు. ఊరికే చెయ్యి పెట్టింది.

ఎండ ఇంకా పోలేదు, మేం గేటు బయటికి వచ్చేసరికి. క్యారియర్ తీసుకుంది. దిగువకు నాలుగడుగులు వేస్తే నీడ ఉంది, అక్కడ కూర్చుని తిని ఆటో ఎక్కుదామంది. గోడ వెంట నడుస్తున్నాం. రజిత నాకు కొంచెం ముందు ఉంది. అక్క ఆమెకు కుడివైపున ఉంది.

బైక్ ఆగిన చప్పుడు నేను విన్నాను. పట్టించుకోలేదు. రజిత మేనత్త కొడుకు అశోక్‌నగర్ నుంచే మా వెనక వచ్చాడని, బయట మా కోసం కాచుకున్నాడని తర్వాత తెలిసింది. అతను పరిగెత్తలేదు, అరవలేదు. మామూలుగా నడిచి వచ్చి రజిత జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. రెండో చేతిలో కత్తి ఉంది. ఆ కత్తి ఆమె మెడ దగ్గరికి పోవడం నాకు కనిపించింది.

అక్క కత్తిని పట్టుకుంది. పిడి కాదు, పదునైన అలుగునే. కుడి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అతను లాగాడు. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు మోచేతి దాకా కారి, ఆకుపచ్చ చీర మీద నల్లగా పడింది. ఆమె వదల్లేదు. ఎడమచేతిలోని క్యారియర్ తిప్పి అతని ముఖం మీద కొట్టింది.

ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. క్యారియర్ ఊడిపోయింది. పులిహోర ఎగిరి అతని జుట్టులో, రజిత భుజం మీద, రోడ్డు మీద పడింది. అతను రజితను వదిలి ముఖం పట్టుకున్నాడు. అక్క చేతిలో పిడి ఉన్న గిన్నె ఒకటి మిగిలింది. దానితో మళ్ళీ కొట్టింది. కత్తి కింద పడింది. నేను దాన్ని కాలితో దూరంగా తన్నాను. నేను చేయగలిగింది అంతే. అతను మోకాళ్ళ మీద కూలాడు. మళ్ళీ కొట్టింది. పక్కకు పడిపోయాడు. ఆమె వంగి కొట్టింది. కన్ను, కణత, చెవి అని చూడలేదు. అతను రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "వద్దు, వద్దు" అంటున్నాడు. ఆమెకు ఆ మాట వినపడలేదో, విన్నా పట్టించుకోలేదో నాకు తెలియదు.

"అక్కా, ఇడ్సిపెట్టు! సస్తడు!" రజిత అరిచింది. ఆమె ఆగలేదు. గేటు దగ్గర నుంచి కాపలావాళ్ళు పరిగెత్తుకు వస్తున్నారు.

అప్పుడు రజిత వెళ్ళి అతని మీద పడింది. తనను చంపడానికి వచ్చినవాడి మీద బోర్లా పడి, అతని తలను తన రెండు చేతులతో కప్పింది. లేచిన గిన్నె ఆమె భుజం మీద దిగింది. రజిత కెవ్వుమంది. అక్క అప్పుడు ఆగింది.

"నిన్ను సంపనీకి వచ్చిండే వాడు!" అంది రొప్పుతూ.

"అయితే నువ్వు వాన్ని సంపుతవా?" అంది రజిత, అతని మీద నుంచి లేవకుండానే.

అక్క చేతిలో ఉన్న గిన్నె వైపు చూసుకుంది. మెల్లగా కింద పెట్టింది. గోడకు ఆనుకుని కూర్చుని, తెగిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. కాపలావాళ్ళు అతన్ని పట్టుకున్నారు. పట్టుకోవాల్సిన అవసరం అప్పటికి లేదు.

అతని కుడి కన్ను పోయింది. అక్క చిటికెన వేలు, ఉంగరపు వేలు మళ్ళీ మడుచుకోలేదు. రజిత భుజం మీద కమిలిన మచ్చ చాలా రోజులు ఉంది.

పోలీసులు ఇద్దరి మీదా కేసు రాసుకున్నారు. అక్క చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. "కత్తి పడిపోయినంక, మనిషి పడిపోయినంక కూడ ఎందుకు కొట్టినవమ్మా?" అని అడిగాడు రాసుకునేవాడు.

"వాడు మల్లీ లేస్తడో లేవడో నాకేం ఎరుక సార్?" అంది ముందు. తర్వాత, ఎవరూ అడగకుండానే, "నాకు ఆగుడు రాదు. కొట్టుడు వచ్చింది గని ఆగుడు ఎవ్వరు నేర్పియ్యలే" అంది. అతను ఆ ముక్క రాసుకోలేదు.

అశోక్‌నగర్‌లో మాత్రం ఆమె పేరు మారుమోగింది. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఆమె కనిపిస్తే లేచి నిలబడేవాళ్ళు. ఇంకో మాట కూడా నడిచింది. ఆ రోజు సందులో చెంపదెబ్బ, ఆ మోరీ, ఆ వీడియో లేకపోతే వాడు కత్తి దాకా వచ్చేవాడు కాదని. ఏమో. వాడు ముందు నుంచీ కత్తి మనిషే కావచ్చు. ఈ రెండింట్లో ఏది నిజమో ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను తేల్చుకోలేను.

రజిత హాస్టల్ ఖాళీ చేసింది. తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి పెట్టె సర్దుకుంది. "నా పాణం కాపాడింది. నాకు తెల్వదా?" అంది నాతో, గదిలో. "కానీ ఆమె మొకం చూస్తే బావ మొకమే కనవడ్తుంది నాకు. ఆ టైముల ఇద్దరి కండ్లు ఒక్క తీరుగ ఉండె."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతికి కట్టుతో. రజిత తల నిమరడానికని రెండో చెయ్యి ఎత్తింది. రజిత కళ్ళు మూసుకుని, భుజాలు ముడుచుకుంది. అక్క చెయ్యి దించేసింది. "మంచిగ చదువుకో" అంది. అంత చిన్న గొంతు ఆమెకుందని మాకు అప్పుడే తెలిసింది. రజిత ఇప్పుడు పాలమూరు వైపు ఒక ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి. నాకు ఉద్యోగం రాలేదు. నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తున్నాను. కేసు కోర్టులో నలిగి నలిగి, చివరికి రాజీ అయింది.

ఆ తర్వాత అక్క కొట్టడం మానేసిందని చెబితే బాగుంటుంది. మానలేదు. కుడిచేతి వేళ్ళు మడవకపోతే ఎడమచేత్తో కొట్టడం నేర్చుకుంది. ఎడమచేతి గాజులు కూడా తీసేసింది. మొన్న శవం దగ్గర ఉన్న కొత్త పిల్లలంతా ఎడమచేతి దెబ్బలు తిన్నవాళ్ళే. కానీ ఆమె దెబ్బలు తినడం నేను ఒక్కసారి చూశాను. రజిత వెళ్ళిన కొద్ది రోజులకే. నేను ఆమెను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అదే.

పొద్దున టిఫిన్ల వేళ. హాల్లో అందరం ఉన్నాం. గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, కాళ్ళకూ చేతులకూ సిమెంటు దుమ్ము, తలకు చుట్టిన తువ్వాలు. పని మధ్యలో నుంచి వచ్చినట్టుంది.

"హాస్టలామె ఎవరు?"

"నేనే" అంది అక్క, వంటింట్లోంచి వస్తూ.

"నేను వాని తల్లిని."

మొదటి దెబ్బ ఛాతీ మీద పడింది. తర్వాత ముఖం మీద. ఇటుకలు మోసిన చేతులవి. జుట్టు పట్టుకుని వంచి వీపు మీద గుద్దింది. అక్క తూలి బల్లకు తగిలి కింద పడింది. ప్లేట్లు పడిపోయాయి. ఆవిడ కాలి చెప్పు తీసి తల మీద, భుజాల మీద కొట్టింది. మేం నలుగురం ముందుకు పరిగెత్తాం.

"ఎవ్వరు రావద్దు!" అక్క అరిచింది. "కొట్టనియ్యుండ్రి."

మేం ఆగిపోయాం. అక్క చేతులు అడ్డం పెట్టుకోలేదు. కట్టు ఉన్న చెయ్యి నేల మీద ఆనించి, రెండోది ఒళ్ళో పెట్టుకుని, తల వంచి కూర్చుంది. పెదవి పగిలి నెత్తురు వచ్చింది. తుడుచుకోలేదు. కొట్టి కొట్టి ఆవిడకే ఊపిరి అందలేదు. చెప్పు జారిపోయింది. అక్క ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఒక్క కన్నుతోని ఏం పని జేస్తడే వాడు? పైకెక్కితే కింద వడి సావడా? ఇంక పనికి ఎవడు పిలుస్తడే వాన్ని?"

నా పక్కనున్న పిల్ల ఉండబట్టలేక, "నీ కొడుకే గదా కత్తి తెచ్చింది?" అంది.

అక్క తల తిప్పి ఆ పిల్లను చూసింది. "నువ్వు నోర్ముయ్" అంది.

ఆవిడ కాసేపు అలాగే ఏడ్చింది. అక్క ఓదార్చలేదు. తప్పయింది అనలేదు. నీ కొడుకు ఇట్లాంటివాడు అనీ అనలేదు. ఇద్దరూ ఎదురెదురుగా, దొర్లిన ప్లేట్ల మధ్య కూర్చుని ఉన్నారు. ఆవిడ లేచి, ఊడిన తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకుంది. చెప్పు వెతుక్కుని తొడుక్కుంది. "నీకు మంచిగ కాదు" అని, గడప దాటి వెళ్ళిపోయింది.

నేను గబగబా వెళ్ళి తలుపు మూయబోయాను.

"తలుపు వెయ్యకు" అంది అక్క, కింద నుంచే.

"ఎందుకక్కా?"

"ఇంక కొట్టేదుంటే మల్లొస్తది."

సాయంత్రం దాకా ఆ తలుపు తెరిచే ఉంది. ఆవిడ మళ్ళీ రాలేదు. అక్క మాత్రం ఎవరు లేపినా లేవలేదు. ఆ గుమ్మానికి ఎదురుగా నేల మీదే కూర్చుని ఉంది.